వాంపైర్ షెల్ఫ్ తీసెయ్యడం లేదు, సర్దాను

మన లైబ్రరీ మెంబర్లందరికీ,

మొన్న వేసవి సెలవుల్లో నేనొక తప్పు చేశాను. కొందరికి సంగతి తెలుసు. కొందరు సగం విని మిగతా సగం ఊహించుకుంటున్నారు. అందుకే నేనే చెప్పేస్తున్నాను. అద్దె రేట్లు, డిపాజిట్ల సంగతి కూడా ఉంది గానీ అది చివర్లో. ముందే చెప్తే మిగతాది ఎవరూ చదవరు.

షాపులో కిటికీ కింద 'టీనేజ్' అని స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన షెల్ఫ్ ఉంది కదా, అందులో సగానికి పైగా వాంపైర్ నవలలే, అంటే రక్తం తాగి బతికే పిశాచాల కథలు. మా నాన్నగారి కాలంలో అక్కడ డిటెక్టివ్ పాకెట్ బుక్స్ ఉండేవి. ఏప్రిల్‌లో నేను కేజీల లెక్కన ఒక సెకండ్ హ్యాండ్ లాట్ తీసుకున్నాను. నల్ల అట్ట, ఎర్ర అక్షరాలు, పాలిపోయిన మొహం కనబడిన ప్రతి పుస్తకాన్నీ తీసుకెళ్ళి ఆ షెల్ఫ్‌లో పెట్టేశాను. తెరిచి చూడలేదు. అందులో ఒక సిరీస్ అచ్చంగా పెద్దవాళ్ళ కోసం రాసింది. పడగ్గది తలుపులు వేసుకునే అలవాటు ఆ రచయిత్రికి లేదు. ఆ సిరీస్‌లో మొదటి భాగాన్ని తొమ్మిదో తరగతికి వెళ్తున్న అమ్మాయి తీసుకెళ్ళింది.

మూడో రోజు వాళ్ళమ్మగారు వచ్చారు. పుస్తకాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "ఇది మీరు చదివారా అండీ?" అని అడిగారు. గొంతు పెంచలేదు. నాలుగు కేకలు వేసినా బాగుండేది, నేనూ నాలుగు సాకులు చెప్పేదాన్ని. చదవలేదన్నాను. "మరి టీనేజ్ అని ఎలా రాశారు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. క్షమించమని ఆవిణ్ణి అప్పుడే అడిగాను. ఇప్పుడు మీ అందరినీ అడుగుతున్నాను.

ఆ తర్వాత వారంలో ముగ్గురు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. ఆ దెయ్యాల పుస్తకాలన్నీ తీసెయ్యమని ఇద్దరు, అసలవి ఎందుకు పెట్టారని ఒకాయన. తీసేద్దామనే అనుకున్నాను కూడా. అట్టపెట్టెలు తెచ్చి సర్దడం మొదలుపెట్టాక, చదవకుండా పెట్టినదాన్ని చదవకుండానే తీసేస్తే అదే తప్పు రెండోసారి చేసినట్టు కదా అనిపించింది. అందుకని షట్టర్ దించాక రోజూ రెండు గంటలు చదవడం మొదలుపెట్టాను. బయట రోళ్ళు పగిలే ఎండలు, రాత్రి పదింటికీ వేడిగాలి. నేనేమో ఏడాది పొడుగునా వాన పడే ఊళ్ళో కథ చదువుతూ కూర్చున్నాను.

ఆ ఊరు ఫోర్క్స్. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో నిజంగానే ఉంది. ట్విలైట్ అనే నాలుగు భాగాల వాంపైర్ ప్రేమకథ జరిగేది అక్కడే. 2005లో మొదటి భాగం, 2008 ఆగస్టులో నాలుగోది. ఆ నాలుగోది అమెరికాలో మొదటి రోజే 13 లక్షల కాపీలు అమ్ముడుపోయింది. మన దగ్గర కూడా ఎక్కువ చేతులు మారి, ఎక్కువగా నలిగిపోయిన పుస్తకాలివే. హీరోయిన్ వయసు 17. హీరో వయసూ 17, కాకపోతే వాంపైర్ కాబట్టి 1918 నుంచీ 17. ఫోన్ చేసినాయన పట్టుకున్నది ఈ పాయింటే. "నూరేళ్ళు దాటిన ముసలాడు ఇంటర్ పిల్ల వెనకాల పడటమేంటండీ?" అన్నారు. చదవకముందు నాకూ అది సబబుగానే తోచింది. చదివాక, నవలంతా నడిచేది ఆ లెక్క మీద కాదని తెలిసింది.

ప్రేమకథకి అడ్డు ఉండాలి. మన నవలల్లో ఆ అడ్డు బయటి నుంచి వస్తుంది: కులం, ఆస్తి, మేనరికం, పంతం పట్టిన తండ్రి. ఇక్కడ అడ్డు అబ్బాయి గొంతులో ఉంది. అందరి రక్తం కంటే ఈ అమ్మాయి రక్తం వాసనే వాణ్ణి ఎక్కువ లాగుతుంది. దగ్గరికొస్తే చంపేస్తాడు, దూరం వెళ్తే ఉండలేడు. మొదటి పుస్తకం నిండా వాడు చేసేదల్లా తనని తాను ఆపుకోవడమే. ముద్దు దగ్గర కూడా భయపడి వెనక్కి తగ్గుతాడు. ఆ కుటుంబమంతా జంతువుల రక్తంతో సరిపెట్టుకుని తమని తాము 'శాకాహారులం' అని పిలుచుకుంటారు. అది చదివి కార్తీకమాసంలో మా పెద్దమ్మ చేసే హడావిడి గుర్తొచ్చి నవ్వాను.

ఇంకో సంగతి చెప్పకపోతే మనసొప్పదు. పధ్నాలుగేళ్ళప్పుడు ఇదే కౌంటర్ కింద కూర్చుని, సోషల్ పుస్తకంలో దాచిపెట్టి యద్దనపూడి 'సెక్రటరీ' చదివాను. రాజశేఖరం గుర్తున్నాడు కదా. డబ్బు, దర్జా, తక్కువ మాటలు, ఎక్కువ అహం, లోపల మాత్రం బోలెడంత ప్రేమ. ట్విలైట్ హీరో వెండిరంగు వోల్వోలోంచి దిగగానే నాకు రాజశేఖరమే కనబడ్డాడు, కోరలు ఒక్కటే కొత్త. అప్పట్లో నాన్నగారు నన్ను పట్టుకున్నారు. పుస్తకం లాక్కోలేదు. "చీకట్లో చదివితే కళ్ళు పోతాయి, పైకొచ్చి కూర్చో" అన్నారు. ఆయన మాత్రం ఆ నవల చదివే ఉన్నారు. మా ఇద్దరికీ ఉన్న తేడా అది.

అలాగని అన్నీ నచ్చాయని కాదు. అమ్మాయికి తెలియకుండా రాత్రిళ్ళు ఆమె గదిలోకొచ్చి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు ఆ హీరో. నాకది అస్సలు నచ్చలేదు, అడిగిన పిల్లలకి అదే చెప్తున్నాను. ఇంటర్ సెకండియర్ అమ్మాయి ఒకతి నాతో పావుగంట వాదించింది. "ఆంటీ, వాడు వాంపైర్. మా కాలేజీ గేటు దగ్గర బండేసుకుని నిలబడేవాడు వేరు. ఆ తేడా మాకు తెలీదా?" అంది. తెలుసనే నమ్ముతున్నాను. నచ్చలేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఇక నాలుగో భాగంలో పెళ్ళి, గర్భం, ఒళ్ళు జలదరించే కాన్పు ఉన్నాయి. అందుకే మొదటి మూడూ ఒకచోట, నాలుగోది పై అరలో పెట్టాను.

నాకు వీటన్నిటిలో ఎక్కువ నచ్చింది వాంపైర్ అకాడమీ. 2007లో మొదలై ఆరు భాగాలు. ఇందులో రక్తపిశాచాలు రెండు రకాలు. మొరోయి బతికున్నవాళ్ళు, మంత్రశక్తి ఉన్నవాళ్ళు, అందరిలాగే చచ్చిపోతారు. స్ట్రిగోయి చచ్చి లేచినవాళ్ళు, ఊళ్ళకి ఊళ్ళు తాగేసే రకం. ఈ పేర్లు రొమేనియా జానపద కథల్లోవి. మొరోయిలకి కాపలా కాసేవాళ్ళు సగం మనుషులు, వాళ్ళని ధాంపిర్ అంటారు. హీరోయిన్ రోజ్ ధాంపిర్, తన ప్రాణస్నేహితురాలికి కాపలా ఉండాల్సిన పిల్ల. శిక్షణ ఇచ్చే డిమిట్రీకి కూడా అదే స్నేహితురాలి కాపలా డ్యూటీ పడుతుంది. వీళ్ళిద్దరూ ప్రేమించుకుంటే, దాడి జరిగినప్పుడు ఎవరికి అడ్డం పడతారు? స్నేహితురాలికా, ఒకరికొకరా? నిషిద్ధ ప్రేమ అని అట్ట మీద వేసుకున్న పుస్తకాలు చాలా చూశాను గానీ, నిషేధానికి ఇంత గట్టి కారణం చూపించింది ఇదే. అయితే ఆమెకి 17, అతనికి 24, పైగా గురువు. పిల్లలకి ఇచ్చేముందు ఇది మీకు తెలిసి ఉండాలని రాస్తున్నాను.

వాంపైర్ డైరీస్ మీద మాత్రం నాకు ఫిర్యాదులు చాలా వచ్చాయి. "ఆంటీ, ఇది రాసింది ఆవిడేనా? ఏడో పుస్తకం దాటాక అంతా మారిపోయింది" అని. మీరు సరిగ్గానే పట్టుకున్నారు. ఎల్.జె. స్మిత్ ఈ సిరీస్‌ని 1991లో మొదలుపెట్టారు. ఒక కంపెనీ డబ్బిచ్చి రాయించుకుంది కాబట్టి హక్కులు ఆ కంపెనీవి. ఏడు పుస్తకాలయ్యాక, 2011లో ఆవిణ్ణి పక్కన పెట్టి వేరేవాళ్ళతో రాయించారు. కవర్ మీద ఆవిడ పేరు మాత్రం పోలేదు. చివరికి తను పుట్టించిన పాత్రల మీద తనే ఒక అభిమానిలా కథలు రాసి ఇంటర్నెట్‌లో అమ్ముకున్నారు. 2025 మార్చిలో పోయారు. మొదటి ఏడింటి వీపు మీద ఎర్ర చుక్క పెట్టాను. చుక్క లేనివి ఆవిడవి కావు, చదవాలంటే చదవండి, సగం అద్దెకి ఇస్తాను.

"ఇదంతా ఈమధ్య వచ్చిన పైత్యం" అన్న పెద్దమనిషికి కూడా ఒక మాట. అగ్నిపర్వతం దుమ్ము వల్ల ఐరోపాలో ఎండాకాలమే రాని 1816లో, జెనీవా సరస్సు ఒడ్డున ఇంట్లో చిక్కుకుపోయి దెయ్యం కథలు చెప్పుకున్న ఇంగ్లీషు కవి బైరన్ బృందం నుంచి ఇంగ్లీషులో వాంపైర్ కథ పుట్టి, 1819లో అచ్చయింది. ఒక అమ్మాయి మీద ఇంకో అమ్మాయికి పుట్టిన ఆకలీ ప్రేమా కలిసిన కార్మిల్లా అనే వాంపైర్ కథ 1872 నాటిది, డ్రాకులా కంటే పాతికేళ్ళు ముందు. ఎండ తగిలితే వాంపైర్ చచ్చిపోతుందన్న నియమం డ్రాకులా నవలలో లేనేలేదు, పగలు శుభ్రంగా తిరుగుతాడు. అది 1922లో వచ్చిన మూకీ సినిమా పెట్టిన నియమం. మన చందమామ భేతాళుణ్ణి కూడా ఒక దొర వదల్లేదు. 1870లో బర్టన్ ఆ కథల్ని ఇంగ్లీషులో వేస్తూ 'విక్రమ్ అండ్ ద వాంపైర్' అని పేరు పెట్టాడు. చెట్టు మీద వేలాడుతూ చిక్కు ప్రశ్నలేసే పాపానికి మన భేతాళుడు కూడా వాంపైరే అయ్యాడు.

ఇప్పుడు రెండో తప్పు. అదే లాట్‌లో పదకొండు కాపీలు దొంగ ప్రింట్లు. కాయితం పల్చగా, అట్ట బొమ్మ మసకగా ఉన్నా పాతవి కదా అనుకున్నాను. ఒక కుర్రాడు తెచ్చి చూపించాకే తెలిసింది, ఒక పుస్తకంలో 216 తర్వాత 233 ఉంది. పదహారు పేజీల ఫారం మొత్తం ఎగిరిపోయింది, అదీ మంచి రసపట్టులో. పదకొండూ తీసేశాను. అవి తీసుకున్న ఎనిమిదిమందికి అద్దె వెనక్కి ఇస్తాను, రిజిస్టర్లో మీ పేర్లున్నాయి, మొహమాటపడకుండా అడగండి. నష్టం నాదే, చూసి కొనకపోవడం నా పని తప్పు.

ఈ సందర్భంలోనే, మన వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌లు పెట్టమని అడిగేవాళ్ళకి: పెట్టను. ట్విలైట్ కథని హీరో వైపు నుంచి చెప్పే మిడ్‌నైట్ సన్ 12 అధ్యాయాలు రాసి ఉండగానే 2008లో బయటికి పొక్కింది. రచయిత్రి మనసు విరిగి అక్కడితో ఆపేశారు. అది పుస్తకంగా వచ్చేసరికి 2020 అయింది. అంతసేపు ఎదురుచూసిన మెంబర్లు మన దగ్గరే ఉన్నారు. ఎదురుచూడటం మొదలుపెట్టినప్పుడు స్కూల్లో, పుస్తకం చేతికొచ్చేసరికి చంటిపిల్లతో.

ఇక షెల్ఫ్ సంగతి. కింది అర పదమూడు దాటిన ఎవరికైనా. పై అర పదహారు దాటినవాళ్ళకి, దానికి ఇంట్లోవాళ్ళు ఒక్కసారి నాతో ఫోన్లో మాట్లాడితే చాలు. పెద్దవాళ్ళ సిరీస్ నా వెనకాల ఉంది, పద్దెనిమిది నిండినవాళ్ళు అడిగి తీసుకోండి. ఈ షెల్ఫ్‌లో ప్రతి పుస్తకాన్నీ నేనో మా చెల్లెలి కూతురో చదివాకే పెట్టాం. లోపల అట్టకి చిన్న చీటీ అంటించి, ఏముందో రెండు ముక్కల్లో రాశాను. ఇంకా తొమ్మిది పుస్తకాలు చదవాల్సి ఉంది, అవి పెట్టెలోనే ఉన్నాయి. తొందరపెట్టకండి, రాత్రి పదకొండు దాటితే నాకు నిద్రొస్తోంది.

రేట్లు: పది రోజులకి 30 రూపాయలు ఇప్పుడు 40. డిపాజిట్ 300 నుంచి 500, కొత్తవాళ్ళకి మాత్రమే. షాపు అద్దె పెరిగింది, ఇంకేం కారణం లేదు. సిరీస్ పుస్తకాలు ఒకరికి ఒక భాగమే ఇస్తాను. నాలుగూ ఒకేసారి పట్టుకెళ్ళి మిగతావాళ్ళని అల్లాడించడం ఇక కుదరదు.

ఆఖరుది. ట్విలైట్ రెండో భాగం, అదే న్యూ మూన్, అసలైన కాపీ ఒక్కటే ఉంది మన దగ్గర. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళింది. రిజిస్టర్లో సంతకం ఉంది గానీ పేరు చదవడానికి రావట్లేదు. మొదటి భాగం పూర్తి చేసి ఆరుగురు వెయిటింగ్‌లో ఉన్నారు, అందులో ఒకమ్మాయి రోజూ స్కూలు ఆటో దిగి వచ్చి అడిగి వెళ్తోంది. ఎవరి దగ్గరున్నా ఈ ఆదివారంలోపు తెచ్చేస్తే ఫైను వెయ్యను. నా మొహం చూడ్డం ఇబ్బందైతే రాత్రి షట్టర్ కింద నుంచి లోపలికి తోసెయ్యండి. నేను పదకొండు దాకా లోపలే ఉంటాను, తలుపు తియ్యను.