పాతిక లక్షల గిటార్, మీ చెల్లెలి తీర్పు

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావ్? ఆ గిటార్ సంగతేమిటని అడిగిన నీ వాయిస్ మెసేజ్‌కి ఫోన్లోనే జవాబు చెప్పేద్దామనుకున్నాను కానీ, ఈ సంగతి రెండు ముక్కల్లో తేలేది కాదు. టీ పెట్టుకుని కూర్చుని చదువు.

మొన్న శనివారం పాతిక లక్షల గిటార్ ఒళ్లో పెట్టుకుని వాయించాను. ఒట్టు. మాన్‌హట్టన్‌లో ఒక పాత గిటార్ల కొట్టుకి వెళ్లాం. చీటీ మీద 30,000 డాలర్లు అని రాసి ఉంది. అది చూసి మీ చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుని, "బెల్టు బకిల్ గీసుకుంటుందేమో, చొక్కా బయటికి లాక్కోండి" అంది. లాక్కున్నాను. కొట్టాయన నవ్వి, ఆ మాట తనే చెప్పబోతున్నానన్నాడు.

అది డి'ఆంజెలికో న్యూయార్కర్. ఆర్చ్‌టాప్ అంటారు ఈ రకాన్ని. అంటే ఏమిటో చెప్పే ముందు మన ఇంజనీరింగ్ నాటి గిటార్‌ని ఒకసారి తలుచుకో. చెరో సగం వేసుకుని కొన్నాం, వైజాగ్ ఉప్పగాలికి మూడో నెలకే తీగలు ఆనే బ్రిడ్జ్ ఊడొచ్చింది, నువ్వు ఫెవికాల్ పూసి పైన థర్మోడైనమిక్స్ పుస్తకం బరువు పెట్టావు. (ఆ పుస్తకం మనకి పనికొచ్చింది ఆ ఒక్కసారే.) మామూలు గిటార్లో తీగలు బ్రిడ్జ్‌కే బిగించి ఉంటాయి, ఆ బ్రిడ్జ్‌ని బల్లపరుపు పలక మీద అంటిస్తారు. ఆర్చ్‌టాప్ బ్రిడ్జ్‌కి అసలు జిగురే ఉండదు. తీగలు బ్రిడ్జ్ మీదుగా పోయి అడుగున ఉన్న టెయిల్‌పీస్‌కి కట్టి ఉంటాయి. బ్రిడ్జ్ వాటి ఒత్తిడికే నిలబడుతుంది, అచ్చం ఫిడేలులో లాగే. తీగలన్నీ వదులు చేస్తే చేతిలోకి వచ్చేస్తుంది. పై పలక కూడా ఫిడేలు లాగే పొంగి ఉంటుంది, బోర్లించిన పళ్లెంలా. ఆ పొంగు ఒత్తి వంచితే వచ్చింది కాదు, చెక్కితే వచ్చింది. మందపాటి స్ప్రూస్ కలప దుంగముక్కని నిలువునా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పరిచి, మధ్యలో అతికించి, అప్పుడు ఉలి పెడతారు. కొన్ని మిల్లీమీటర్లు మిగిలేదాకా చెక్కుతూనే ఉంటారు. మధ్యలో మందం, అంచులకి వచ్చేసరికి పల్చన. ఎక్కడ ఆపాలో చెప్పేది కొలబద్ద ఒక్కటే కాదు. వేలితో తట్టి వింటారు. ఒక గీకు ఎక్కువైతే పలక పోయినట్టే, తిరిగి అతికించేది లేదు.

ఇదంతా ఎందుకొచ్చిందో తెలుసా? వినపడక. మైకులు లేని రోజుల్లో, బూరలూ డ్రమ్స్ మోగుతుంటే మధ్యలో గిటార్ ఎవడికి వినపడుతుంది? అమెరికాలోని కలమజూ అనే ఊళ్లో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన ఫిడేలు పద్ధతిలో పలక చెక్కి మాండలిన్లూ గిటార్లూ చేయడం మొదలుపెట్టాడు. 1898లో మాండలిన్‌కి పేటెంట్ కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత 1922లో ఆయన పేరుతో వెలసిన గిబ్సన్ కంపెనీలో లాయిడ్ లోర్ చేతి మీదుగా ఎల్-5 అనే గిటార్ వచ్చింది. గుండ్రటి చిల్లు పోయి, ఫిడేలుకున్నట్టు ఎఫ్ ఆకారపు చిల్లులు రెండు. అక్కడి నుంచి ఇక పెద్దవి చేయడమే పని. 1934లో ఆ కంపెనీదే సూపర్ 400 వచ్చింది, 18 అంగుళాల వెడల్పు. ధర 400 డాలర్లు, దాన్నే పేరుగా పెట్టేశారు. సిగ్గూ మొహమాటం లేవు చూడు. బోస్టన్‌లో స్ట్రాంబర్గ్ వాళ్లు 19 అంగుళాల దాకా వెళ్లారు. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే గంగాళాన్ని కావలించుకున్నట్టే.

నేను వాయించినది 18 అంగుళాలది. కుడి చెయ్యి ఆనించే చోట పైపూత అరచేయంత మేర పూర్తిగా అరిగిపోయి చెక్క బయటపడింది. ఎవడో యాభై అరవై ఏళ్లు చొక్కా చేతులు మడిచి అక్కడే ఆనించి వాయించి ఉంటాడు. వెనక మేపుల్ పలక మీద పులిచారలు. గిటార్ కాస్త పక్కకి తిప్పితే వెలుతురుతో పాటు చారలూ జరుగుతాయి. టెయిల్‌పీస్ ఇత్తడిది, బంగారు పూత, మెట్లు మెట్లుగా. తల మీద ముత్యపుచిప్పతో పొదిగిన ఆకాశహర్మ్యం. దీన్ని చేసిన జాన్ డి'ఆంజెలికో ఆ ఊరి మనిషే. తొమ్మిదేళ్ల వయసులో ఫిడేళ్లు చేసే బంధువు దగ్గర పనికి చేరి, 1932లో కెన్‌మేర్ వీధిలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. 1964లో పోయేదాకా చేసిన గిటార్లు 1,164. లెక్కేస్తే నెలకి మూడు. అంతే, ఇక రావు. ధరలో సగం గుట్టు ఈ అంకెలోనే ఉంది.

ఇక శబ్దం. నేనేమో తేనె కారుతుందనుకున్నాను. కారలేదు బావా. "ఛంక్" అంది, వెంటనే ఊరుకుంది. మన పాత గిటార్ కూడా ఒక్కసారి మీటితే ఇంతకన్నా ఎక్కువసేపు మోగేది. నా మొహం చూసి కొట్టాయన లోపలి నుంచి చైనాలో చేసిన ఈస్ట్‌మన్ ఒకటి తెచ్చాడు. అదీ చెక్కినదే, 3,000 డాలర్ల లోపు. మీ చెల్లెల్ని అటు తిరిగి నిలబడమని రెండిటి మీదా ఒకే పాట మార్చి మార్చి వాయించాను. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ చవకదే బాగుందంది. "మొదటిది చెక్కపెట్టె మీద కొట్టినట్టుంది" అని కూడా అంది. ఆ ముక్క తెలుగులోనే అంది కాబట్టి బతికిపోయాను.

అప్పుడు కొట్టాయన కౌంట్ బేసీ అనే జాజ్ బ్యాండ్ రికార్డు ఒకటి స్పీకర్లలో గట్టిగా పెట్టాడు. ఫ్రెడ్డీ గ్రీన్ అని ఆ బ్యాండ్‌లో గిటారిస్టు, 1937లో చేరి 1987లో పోయేదాకా యాంప్లిఫైయర్ జోలికి దాదాపుగా పోకుండా తాళానికి నాలుగు దెబ్బలు కొడుతూ కూర్చున్న మనిషి. ఆ రికార్డుతో పాటు కొట్టాయన ముందు ఈస్ట్‌మన్ వాయించాడు. బూరలు లేచేసరికి అది మునిగిపోయింది, చెయ్యి ఆడటం కనపడుతోంది కానీ శబ్దం ఏది? తర్వాత డి'ఆంజెలికో తీసుకున్నాడు. అదే చెయ్యి, అదే బలం. ఒక్కో దెబ్బా బూరల సందులోంచి దూసుకొచ్చి గోడకి తగిలింది. మోగి ఊరుకోవడం ఎందుకో అప్పుడు అర్థమైంది. ఒక దెబ్బ తోక పక్క దెబ్బ మీద పడకూడదు. మృదంగం మీద దెబ్బ అలాగే లాగుతూ ఉంటే తాళం ఏమవుతుంది? మీ చెల్లెలు ఇటు తిరిగి, "ఇప్పుడు ఇదే బాగుంది" అంది. అయితే ధర మీద తన అభిప్రాయం మారలేదు.

నా అభిప్రాయమూ సగమే మారింది. ఐదారు వేల డాలర్ల దాకా పెట్టిన డబ్బు చెవికి వినపడుతుంది. ఆపైన కంటికీ, వేలికీ, పేరుకీ. డి'ఆంజెలికో శిష్యుడు జిమ్మీ డి'అక్విస్టో కథే చూడు. 1952లో పనికి చేరి, గురువు పోయాక కొట్టు తీసుకున్నాడు. తర్వాత తర్వాత ఆ బంగారు పూత, ప్లాస్టిక్ హంగులు ఒక్కొక్కటే తీసి పారేశాడు. టెయిల్‌పీస్ ఎబోనీ చెక్కతో చేశాడు. బరువు తగ్గితే పలక ఇంకా స్వేచ్ఛగా ఆడుతుందని. మరి గురువు నగలు పెట్టినవి ఖరీదు, శిష్యుడు నగలు ఒలిచినవి ఇంకా ఖరీదు! గురువులాగే ఆయనా 59 ఏళ్లకే 1995లో పోయాడు.

పోవడానికి ముందేడు స్కాట్ చినరీ అనే కలెక్టర్‌కి నీలం రంగు గిటార్ చేసిచ్చాడు. ఈ గిటార్లంటే పాత ఫిడేలు రంగే ఉండాలని పట్టింపు, నడుమ తేనె రంగు, అంచులకి ముదురు గోధుమ. అలాంటిది నీలం! చినరీకి అది ఎంత నచ్చిందంటే, 20 మందికి పైగా మేస్త్రుల్ని పిలిచి, ఇదే నీలం, ఇదే 18 అంగుళాలు, మిగతాది మీ ఇష్టం అన్నాడు. ఫొటోల్లో చూశాను. ఏ రెండూ ఒకలా లేవు. బెనెడెటో అనే మేస్త్రి చేసినదైతే చిల్లుల ఆకారమే చాలు, అలా చూస్తూ కూర్చోవచ్చు. ఒట్టి చెవి కోసమే అయితే అంతమందిచేత ఒకే రంగులో ఎవరు చేయిస్తారు?

తప్పు పట్టడం లేదులే. మీ అమ్మమ్మగారి బొబ్బిలి వీణ మీద సింహం మొహం తీసేస్తే నాదం తగ్గుతుందా? అయినా తీయమని ఎవరూ అనరు. నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఇవి కొనేవాళ్లెవరని అడిగితే కొట్టాయన, "ఎక్కువమంది డాక్టర్లు, లాయర్లు" అన్నాడు. రాత్రి క్లబ్బులో వాయించి పొట్టపోసుకునేవాడు వచ్చి పావుగంట వాయించి, థాంక్స్ చెప్పి వెళ్లిపోతాడట. చొక్కా మడిచి చెయ్యి ఆనించి వాయించినవాడి అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది, దానికి ధర కట్టేది ఎన్నడూ చొక్కా మడవనివాడు.

ఇంతకీ నేను కొన్నదేమిటంటావా, 15 డాలర్ల తీగల సెట్టు. అదీ ఇంతసేపు వాయించి వట్టిచేతుల్తో రాలేక.

అవునూ, ఆ వీణ ఇంకా అటక మీదే ఉందా? ఏకాండి వీణ అని మీ అమ్మమ్మగారు అనేవారు గుర్తు, ఒకే పనసదుంగలోంచి తొలిచినదని. ఈ ఆదివారం దింపి, దుమ్ము తుడిచి, తీగల జోలికి పోకుండా కుండ పై పలకని వేలి గణుపుతో నడుమా అంచుల్లోనూ ఊరికే తట్టి, ఫోన్లో రికార్డు చేసి పంపరా. పగులు కనపడితే మాత్రం ఫెవికాల్ ముట్టుకోకు.

ఉంటాను. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ బావ