మీ లైసెన్సు గురించి మూడో ప్రమాద హెచ్చరిక

కస్టమర్ కేర్ వారికి,

అమలాపురం దగ్గర ఓ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకి క్యాడ్, అంటే కంప్యూటర్లో డిజైన్లు గీయడం, నేర్పే మాస్టారిని. 5 ఏళ్ళుగా మీ సాఫ్ట్‌వేరే. జూన్‌లో రెన్యువల్ డబ్బు కట్టాం, ఆ నిమిషానికే రసీదు వచ్చింది, సాఫ్ట్‌వేర్ తెరిస్తే మాత్రం లైసెన్సు చెల్లదంటోంది. అది పోనివ్వండి, ఏదో ఒక తేడా వస్తూనే ఉంటుంది. నాకు ఒళ్ళు మండింది మీ మనుషులతో.

మొదటి అబ్బాయి రీస్టార్ట్ చేయమన్నాడు. 20 కంప్యూటర్లూ చేశాం, ఈలోగా కరెంటు పోయి వచ్చి అవే ఇంకోసారి రీస్టార్ట్ అయ్యాయి. రెండో ఆవిడ కాలేజీ మెయిల్ ఐడీ నుంచి రాయమంది. మాది హైస్కూలమ్మా, కాలేజీ మెయిల్ ఎక్కణ్ణుంచి తేను అంటే సేల్స్ వాళ్ళనడగమంది, వాళ్ళేమో సపోర్టుకే పొమ్మన్నారు. మూడో అతను 40 నిమిషాలు పాట వినిపించి, చివరికి లైన్లోకొచ్చి "మీ సమస్య తీరిందా సార్?" అన్నాడు. "ఆయ్, తీరలేదనే కదండీ..." అనేలోపే పెట్టేశాడు. వెంటనే టికెట్ క్లోజ్ చేశామని మెసేజ్! బాబూ, మా కోనసీమలో ఆయ్ అంటే వింటున్నామని మర్యాద, సమస్య తీరిందని కాదు.

పోయినేడాది పిల్లలు మా కాలవ మీది లాకు గేటుకి ప్లాను, ఎలివేషను గీసి త్రీడీలో నిలబెడితే, ఆ బొమ్మ అడిగి తీసుకుని మీ ప్రకటనలో వేసుకున్నారు. అప్పుడు ఇదే మెయిల్ ఐడీ బానే పనికొచ్చిందే! ఈ ఏడాది ఎక్స్‌ట్రూడ్, అంటే చదునైన బొమ్మని పైకి లేపి త్రీడీ చేయడం, చాక్‌పీసుతో చెప్తున్నాను. చతురస్రం గీసి "ఇది పైకి లేచిందనుకోండి" అంటే ముందు బోర్డు వంక, తర్వాత నా వంక చూస్తున్నారు పిల్లలు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీకు జూలైలో ఒక మెయిల్, ఆగస్టులో ఒకటి పెట్టాను. వరద వచ్చింది, లంకల్ని ముంచింది, తీసింది కూడా, మీ జవాబు మాత్రం రాలేదు. ఇది మూడోది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకూ వచ్చు. ఫ్రీక్యాడ్ అనే ఇంకో క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టక్కర్లేదని మా పిల్లలకి ఎప్పుడో తెలుసు, పాత స్నేహమని నేనే ఆపుతున్నాను. కీ ఇస్తారో, డబ్బే తిరిగిస్తారో, కనీసం ఓ మనిషి చేత ఫోన్ చేయిస్తారో మీ ఇష్టం. చేయిస్తే సాయంత్రం నాలుగున్నర దాటాక చేయించండి, అప్పటిదాకా బోర్డు దగ్గరే ఉంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్ (ఇంకెన్నాళ్ళో మీరే చెప్పాలి)