పేరు రాయొద్దన్న ఆవిడకి

పరీక్షలు ఈ మధ్యాహ్నంతో అయిపోయాయి. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఫోన్ తీశాను. పడుకున్నా నిద్ర పట్టదు. రేపు రాద్దాంలే అనుకుంటే ఈ మాటలు ఇలా రావు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. టీచర్ని అయ్యుండి ఈ మాట అనడం నాకే నవ్వొస్తోంది, కానీ ఇవాళ అంతకంటే ఓపిక లేదు.

నా సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మా బడిలో వరండా చివరి గది నాది. తొమ్మిది మంది పిల్లలు. చదవడం, రాయడం సులువుగా పట్టుబడని డిస్లెక్సియా ఉన్నవాళ్ళే ఎక్కువ. పెన్ను పట్టుకుంటే చెయ్యి మొండికేసే డిస్‌గ్రాఫియా వాళ్ళిద్దరు, అంకెలు కనబడగానే బిక్కమొహం వేసే అమ్మాయి ఒకతె. ఇసుక పళ్ళెంలో వేలితో అక్షరం దిద్దిస్తూ, దాని శబ్దం పైకి అనిపిస్తూ, కన్నూ చెవీ చెయ్యీ మూడూ ఒకేసారి ఆ అక్షరాన్ని పట్టుకునేలా చేస్తాం. ఆర్టన్ అనే డాక్టరూ, గిల్లింగ్‌హామ్ అనే టీచరమ్మా 1930ల్లో వేసిన దారి అది. ఫలితం వస్తుంది. కానీ నత్తనడక. ఆ నడక చూస్తూ ఓర్చుకోవడం పిల్లల కంటే పెద్దవాళ్ళకే కష్టం.

ఆ తొమ్మిది మందిలో పెద్దవాడు ఈసారి పదో తరగతి. గ్రహణం ఎలా పడుతుందో అడగండి, బంతీ నిమ్మకాయా పట్టుకుని ఎదురుగా నిలబడి చెప్పేస్తాడు. అదే రాయమంటే మూడు వాక్యాలకి అరగంట. 'పుస్తకం' వాడి చేతిలో 'పుత్సకం' అవుతుంది. ఒత్తులు పక్క అక్షరం కిందికి వెళ్ళిపోతాయి. రాసినవాడికి అందులో తేడా కనబడదు.

ఒక విషయం దాచుకోకుండా చెప్పేస్తాను. వాళ్ళమ్మకి ఆరేళ్ళుగా "వస్తుందమ్మా, తప్పకుండా వస్తుంది" అని చెబుతూ వచ్చింది నేనే. మొన్న చలికాలానికి నా దగ్గరే ఆ మాట నిండుకుంది. ధైర్యం చెప్పడం మా ఉద్యోగంలో భాగం. అది మాలో మిగిలిందో లేదో ఎవరూ అడగరు, మేమూ చెప్పుకోం. గది తాళం వేసి, గుమ్మంలో నిలబడి, వచ్చే ఏడాది నన్ను మామూలు తరగతికి మార్చమని అడుగుదామా అని ఆలోచించిన సాయంత్రాలు ఉన్నాయి.

ఇక మొదటి రోజు సంగతి. వాడికి స్క్రైబ్ మంజూరైంది, అంటే వాడు చెబుతుంటే రాసిపెట్టే మనిషి. ఆ మంజూరు వెనక ఏడు నెలల తిరుగుడు ఉంది. పోయిన ఏడాది ఇచ్చిన పత్రం ఈ ఏడాది చెల్లదన్నారు. డిస్లెక్సియా ఏమైనా జ్వరమా, ఏడాది తిరిగేసరికి తగ్గిపోవడానికి? కొత్త పత్రం తెస్తే సంతకం ఉంది, ముద్ర లేదన్నారు. ముద్ర వేయించుకొస్తే ముద్ర సంతకం మీద పడిందన్నారు. ఒకాయన వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, "కుర్రాడు చూడ్డానికి బాగానే ఉన్నాడు కదా మేడమ్" అన్నాడు. పక్కనే వాడు ఉన్నాడు. విన్నాడు. ఆ వేళ దారిపొడుగునా నాతో మాట్లాడలేదు.

ఇంత చేసి, పరీక్ష రోజు పొద్దున స్క్రైబ్ రాలేదు. ఆ అబ్బాయికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఫోన్‌లో గొంతే రావడం లేదు, పాపం వాణ్ణేమంటాం. గంట కొట్టడానికి యాభై నిమిషాలుంది. నేను రాస్తానంటే కుదరదన్నారు. అది న్యాయమే, టీచర్ రాస్తే పరీక్ష ఎవరిదవుతుంది? రాసేవాళ్ళు పదో తరగతి కంటే తక్కువ చదివి ఉండాలి, దానికి రుజువు చూపాలి. లేదంటే వాడే రాసుకోవాలి.

నేనప్పుడు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. గేటు దగ్గర పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రులు వందమందైనా ఉంటారు. మెట్టెక్కి అరిచాను: "పదో తరగతి పాస్ కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

నలుగురిలో అలాంటి ప్రశ్నకి ఎవరు చెయ్యెత్తుతారు? కొందరు ఫోన్లు చూసుకున్నారు. ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. నేను వెతుకుతున్నదేమిటో వాళ్ళకి తెలియదు, నేనూ కారణం చెప్పలేదు. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం.

అప్పుడు వెనకనుంచి ఒకావిడ వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. చెయ్యెత్తలేదు, నడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినబడేలా అంది: "తొమ్మిదో తరగతి మధ్యలో ఆపేశాను టీచర్ గారూ. దేనికైనా పనికొస్తానా?"

ఆ ఆవరణలో అంతమంది డిగ్రీల వాళ్ళున్నారు. ఆ పూట పనికొచ్చింది ఆవిడ చదువే.

పక్కింటి అమ్మాయిని దింపడానికి వచ్చిందట. ఇంట్లో మిషన్ కుడుతుంది. రుజువు కావాలంటే మా ఆయన బండి మీద వెళ్ళి, చదువు మానేసినప్పుడు బడిలో ఇచ్చిన కాగితం పట్టుకొచ్చింది. నాలుగు మడతల్లో, ప్లాస్టిక్ కవర్లో. ఇన్నేళ్ళు ఎందుకు దాచుకుందో నేను అడగలేదు. తలుపు మూసేయడానికి ఆరు నిమిషాల ముందు ఇద్దరూ లోపలికెళ్ళారు.

మూడు గంటల తర్వాత వాడు బయటికొచ్చాడు. ఏడుస్తూ వస్తాడని మంచినీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని ఉన్నాను. వాడు నీళ్ళు తాగి, మూత పెట్టి, తాపీగా చెప్పాడు: "ఆ అక్క నేను చెప్పింది చెప్పినట్టే రాసింది టీచర్. మధ్యలో నేను ఆగిపోతే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నా మొహం చూడలేదు."

ఇది చదివేవాళ్ళకి చిన్న విషయంలా ఉండొచ్చు. స్క్రైబ్‌లకి నేనే శిక్షణ ఇస్తాను. తొందరపెట్టకండి, మాట అందించకండి, తప్పు చెప్పినా దిద్దకండి, రాసింది ఒకసారి చదివి వినిపించండి అని కాగితం మీద రాసిస్తాను. మొహంలోకి చూడొద్దని మాత్రం ఎప్పుడూ రాయలేదు. నాకు తట్టలేదు. ఆగిపోయిన పిల్లవాడి మొహంలోకి ఎదురుచూస్తూ చూడటం కూడా తొందరపెట్టడమే అని, పద్నాలుగేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నదాన్ని, నాకు తెలియలేదు.

మీకెలా తెలిసిందమ్మా అని అడిగాను. "కొలతలు తీసేటప్పుడు మనిషి మొహంలోకి చూస్తే బిగుసుకుపోతారు టీచర్ గారూ. కొలత తప్పొస్తుంది" అంది.

అక్కడికక్కడే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏడు నెలలుగా ఆఫీసుల ముందు ఏడవని దాన్ని, గేటు పక్కన గోడకానుకుని ఏడ్చాను. ఆవిడ కంగారుపడి "ఏమైనా తప్పు రాశానా?" అంది.

ఆ ఒక్క రోజుకే అనుకున్నాం. జ్వరం అబ్బాయి రెండో పరీక్షకి కూడా లేవలేదు. మళ్ళీ ఎవర్నో వెతకాలా అని నేను లెక్కలేసుకుంటుంటే, "మధ్యలో మారిస్తే పిల్లాడు బెదిరిపోడూ?" అని తనే అన్ని పరీక్షలకీ వచ్చింది. పెళ్ళిళ్ళ సీజన్. ఎన్ని బట్టలు వెనక్కి పంపిందో నాకు తెలియదు. డబ్బు సంగతి ఎత్తబోతే వినిపించుకోలేదు.

మూడో రోజో నాలుగో రోజో, వాడు మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అడిగింది: "ఇంత చక్కగా చెబుతున్నాడు కదా, మరి రాయడం ఎందుకు రాదు?" అది కళ్ళ జబ్బు కాదనీ, బద్ధకం అసలే కాదనీ, నోట్లో శబ్దానికీ కాగితం మీది అక్షరానికీ మెదడులో వేసుకోవాల్సిన ముడి వీళ్ళకి సులువుగా పడదనీ చెప్పాను. పెర్సీ కథ కూడా చెప్పాను. 1896లో ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టర్ తన దగ్గరికొచ్చిన పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, 749ని 867తో చకచకా తప్పులేకుండా గుణించాడు. కానీ తన పేరు రాయమంటే అక్షరాలు తారుమారు చేసి 'ప్రెసీ' అని రాశాడు, ఒకటికి రెండుసార్లు అడిగేదాకా తప్పు కనుక్కోలేదు. పాఠాలన్నీ నోటితోనే జరిగితే బడిలో అందరికంటే తెలివైనవాడు వీడే అయ్యేవాడని వాళ్ళ మాస్టారు అన్నాడట. 'పెర్సీ' 'ప్రెసీ' కావడం, మావాడి 'పుస్తకం' 'పుత్సకం' కావడం ఒకటే వరస.

నేను ఈ కథ చాలామందికి చెప్పాను. తల్లిదండ్రుల మీటింగుల్లో, కొత్త టీచర్లకి. అందరూ "అబ్బో, అప్పట్నించే ఉందా" అంటారు. ఆవిడ మాత్రం కాసేపు ఆలోచించి, "మరి ఆ పిల్లాడికి ఎవరైనా రాసిపెట్టారా?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

ఇవాళ చివరి పరీక్ష. వాళ్ళు బయటికొచ్చాక ఆవిడ సంచి నా చేతిలో పెట్టి కుళాయి దగ్గరికెళ్ళింది. సంచిలోంచి కొలతల పుస్తకం జారి కింద పడింది. తీస్తుంటే పేజీలు తెరుచుకున్నాయి. ముందు పేజీల్లో భుజం, నడుము, చేతి పొడవు. వెనకనుంచి తిప్పితే పేజీలకి పేజీలు ఒకటే మాట: కిరణజన్య సంయోగక్రియ. కిరణజన్య సంయోగక్రియ. తర్వాత పేజీలో గురుత్వాకర్షణ. ఆ తర్వాత విద్యుదయస్కాంత ప్రేరణ. మొదటి వరసల్లో ఒత్తులు వంకరగా ఉన్నాయి, కిందికొచ్చేసరికి తిన్నగా పడ్డాయి. అచ్చం నా గదిలో పిల్లలు రాసే కాపీ పుస్తకంలా ఉంది.

నేను చూస్తుండగా చూసి సిగ్గుపడింది. "ఇన్నేళ్ళుగా రాసేది కొలతలే కదండీ, ఒత్తులు మర్చిపోయాను. నా రాత బాలేక పిల్లాడికి మార్కులు పోతే ఎలా? పక్కింటి అమ్మాయి సైన్సు పుస్తకం తీసుకుని, రాత్రిళ్ళు మిషన్ పని అయ్యాక..." అని ఆగిపోయింది.

ఆ పుస్తకం ఫోటో తీసుకోనిమ్మని బతిమాలాను. నాకోసమే, ఎవరికీ చూపించను అంటే ఒక్క పేజీకి ఒప్పుకుంది. పేరు మాత్రం రాయొద్దంది, రాయడం లేదు. అమ్మా, ఇది మీ దాకా వస్తే, ఆ రోజు గేటు దగ్గర నేనడిగిన తీరుకి నన్ను క్షమించండి. రాసిపెట్టినందుకే కాదు, రాత్రిళ్ళు ఆ ఒత్తులు దిద్దుకున్నందుకు మీకు దణ్ణం పెడుతున్నాను. మామూలు తరగతికి మార్చమని రాసిపెట్టుకున్న కాగితం ఇంటికి రాగానే చింపేశాను. ఈ సంగతి మా ఆయనకి కూడా ఇంకా చెప్పలేదు.

మావాడికి ఎన్ని మార్కులొస్తాయో తెలియదు. మొదటి రోజు వాడికి అదనపు సమయం ఉందని ఎంత మొత్తుకున్నా, మామూలు సమయానికే పేపర్ లాక్కున్నారట. చివరి ప్రశ్న సగంలో ఆగిపోయింది. దాని గురించి వేరే అర్జీ పెట్టాను, దానికీ ఏదో ఒక ముద్ర తక్కువైందంటారు, చూద్దాం.

ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెబితే పరాయివాళ్ళని చేసినట్టుంటుంది. మా ఆయన బండి నడిపాడు, అమ్మాయి వంట చూసుకుంది, అత్తయ్య నా చిరాకు భరించింది. వాళ్ళకి తెలుసు.

వాడి వాళ్ళమ్మ పరీక్షలన్ని రోజులూ గేటు బయటే ఎండలో నిలబడింది. ఆవిడకి నేను చెప్పేదేముంటుంది, ఆవిడే నాకు చెప్పాలి. ఇవాళ మాత్రం ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, చేతులు పట్టుకుని కాసేపు నిలబడ్డాం.

అయ్యో, ఇంకా ఉన్నారు. మూడో రోజు నుంచి వీళ్ళ బల్లని వరండా చివరికి జరిపించి, చెప్పేది పక్కవాళ్ళకి వినబడకుండా చూసిన ఇన్విజిలేటర్ గారికి. అదనపు సమయం ఆయన ఉన్న రోజుల్లో నిమిషం తగ్గకుండా దక్కింది. షట్టర్ సగమే ఎత్తి ఉన్నా లోపలికి పిలిచి ఆ మడతల కాగితం జిరాక్స్ తీసిచ్చిన కుర్రాడికి. తలుపు మూయబోతూ మమ్మల్ని చూసి తాళం వెతుకుతున్నట్టు నటించిన వాచ్‌మన్ తాతకి. మా లెక్కల మాస్టారికి, ఆయన్ని ఎలా మరిచిపోయానో, ఆదివారాలన్నీ ఈ కుర్రాడికే ఇచ్చారు. జ్వరం తగ్గగానే "ఎలా రాశాడు?" అని ఫోన్ చేసిన స్క్రైబ్ అబ్బాయికి కూడా.

ఇంకొకటి. మొదటి రోజు గుంపులోంచి ఆవిడ చేతికి తన పెన్ను ఇచ్చేసిన అమ్మాయి ఎవరో నాకు తెలియదు. నీలం పెన్ను, మూత చివర కొరికి ఉంటుంది. పరీక్షలన్నీ దాంతోనే రాశారు. నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకెళ్ళమ్మా.