ఆట గది మా సముద్రపు వాడకూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పరీక్షల టెన్షన్, సెల్‌ఫోన్ల గురించి వివరంగా రాశారు. ప్లే థెరపీ, అంటే ఆటతో చేసే చికిత్సను మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురానికి దగ్గరగా తెలుగు మత్స్యకారులుండే వాడలో చిన్న తరగతుల టీచర్ని. మా పిల్లలకు కావలసింది ఆ ఒక్క వాక్యంలో ఉన్న సంగతే. అందుకే రాస్తున్నాను.

మా బడిలో రెండో తరగతి బాబు ఒకడున్నాడు. ఇంట్లోవాళ్లు రాయమన్నాకే రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం వద్దు. వాళ్ల నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం ఒడ్డుకు చేరిన రోజు పిల్లాణ్ణి వేరే వీధిలో చుట్టాలింటికి పంపేశారు. ఆ తర్వాత "మీ నాన్న సూరత్ ఎల్లాడు" అని చెప్పారు. గంజాంలో ఏ పిల్లాడైనా నమ్మే మాట అది. సూరత్ మరమగ్గాల్లో పనికెళ్లిన మనిషి లేని వీధి మా దగ్గర కనపడదు. పెద్దవాళ్లు పిల్లాడి మేలు కోరే అలా అన్నారు.

వాడు నమ్మలేదు. నమ్మలేదని ఎవరికీ చెప్పనూ లేదు. రోజూ బడి వేళకు కడుపునొప్పి, రాత్రి పక్క తడపడం, పక్కవాడు ముట్టుకుంటే కొరకడం మొదలయ్యాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. స్కానింగ్ తీయిస్తే అంతా బాగానే ఉందన్నారు. ఒక ఆసుపత్రిలో కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆవిడ ఒడియాలో అడిగింది, తర్వాత హిందీలో అడిగింది. మనిషి మంచిదే. కానీ వాడికి బడి ఒడియా వచ్చు గానీ, మనసులో మాట చెప్పుకునేంత ఒడియా రాదు. అమ్మమ్మ మధ్యలో కూర్చుని తెలుగులో అడిగితే "బాగున్నాను" అనేవాడు. నాన్న మాటెత్తితే చాలు ఆమెకు కన్నీళ్లు ఆగవు. ఆమె ముందు ఇంకేం చెప్తాడు?

వేసవి సెలవుల్లో వాళ్లు విశాఖపట్నంలో చుట్టాల దగ్గర ఉన్నారు. అక్కడ ఒక క్లినికల్ సైకాలజిస్టు ఈ ఆట చికిత్స చేస్తారని తెలిసి, తోడుగా నేనూ వెళ్లాను. గది చూసి అమ్మమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆటాడించడానికి డబ్బులిచ్చి ఇంత దూరం రావాలేటమ్మా?" అంది. మీ పాఠకుల్లోనూ చాలామందికి ఇదే అనుమానం ఉంటుంది.

ఆ గదిలో ఖరీదైన సామాను ఏమీ లేదు. అమ్మ, నాన్న, తాత, పాప బొమ్మలు, వంట గిన్నెలు, డాక్టరు కిట్టు, పడవ, లారీ, పాము, పులి, గుద్దడానికి ఒక మెత్తటి బస్తా, రంగులు, బంకమట్టి, చెక్క ట్రేలో ఇసుక. ఏదీ ఊరికే పెట్టింది కాదు. ఇంటి సంగతులు బయటపడడానికి కొన్ని, కోపం తీరడానికి కొన్ని, మాటల్లో పట్టని దాన్ని చేత్తో చేసి చూపించడానికి కొన్ని. ఇసుకలో చిన్న చిన్న బొమ్మలతో పిల్లల చేత వాళ్ల లోకాన్ని కట్టించే పద్ధతి 1920ల చివర్లో లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు మొదలుపెట్టింది. పిల్లవాడు ముందు నడవాలి, పెద్దవాళ్లు వెనక నడవాలి అనే పద్ధతిని అమెరికాలో వర్జీనియా యాక్స్‌లైన్ 1947లో పుస్తకంగా రాసి నిలబెట్టింది. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇది ఎక్కువగా పనికొస్తుంది. ఆ వయసులో "నీకు బాధగా ఉందా, ఎందుకు?" అంటే జవాబు రాదు. గుజ్జనగూళ్లు ఆడే పిల్లల్ని కాసేపు గమనించండి, ఇంట్లో ఎవరు ఎవరి మీద అరుస్తారో మొత్తం తెలిసిపోతుంది.

ఆ సైకాలజిస్టు ప్రశ్నలు వేయదు. "భలే, బాగా చేశావు" అని మెచ్చుకోదు కూడా. వాడు చేసేదాన్ని మాటల్లో పెడుతుంది, అంతే: "పడవ మళ్లీ కిందికెళ్లిపోయింది." వారం వారం అదే రోజు, అదే వేళ, అవే బొమ్మలు. ఒకసారి వాడు ఆవిడ మీదికే లారీ విసరబోయాడు. "నీకు చాలా కోపంగా ఉంది. నేను దెబ్బలు తినడానికి లేను. కొట్టాలనుంటే ఆ బస్తాను కొట్టు" అంది. గొంతు పెంచలేదు. వాడు చాలాసేపు ఆ బస్తాను గుద్దాడట.

అమ్మమ్మకూ నాకూ ఆవిడ చెప్పింది ఇది. మొదటి వారాల్లో వాడు పడవను ఇసుకలో పూడ్చడం, తీయడం, మళ్లీ పూడ్చడం. తర్వాతెప్పుడో అందులో నాన్న బొమ్మను పెట్టి ముంచాడు. బయటికి తీసి, ట్రే అంచున పడుకోబెట్టి, జేబులోని రుమాలు కప్పాడు. చుట్టూ బొమ్మలన్నిటినీ నిలబెట్టాడు. పిల్లాడి బొమ్మను మాత్రం దూరంగా, డాక్టరు కిట్టు వెనకాల పెట్టాడు.

వాడికి అంతా తెలుసు. తనను పంపేశారనీ తెలుసు. ఆ తర్వాతే సైకాలజిస్టు అమ్మమ్మను సిద్ధం చేసి, ఆమె నోటితోనే వాడికి నిజం చెప్పించింది. వీధిలో విన్న మాటలు వాడు అప్పుడు ఒక్కొక్కటిగా అడిగాడు. ఇప్పుడు బడికొస్తున్నాడు, కడుపునొప్పి చాలావరకు పోయింది. పక్క తడపడం అప్పుడప్పుడూ ఉంది. కొరకడం మానేశాడు.

ఇది ఒక్క పిల్లాడి కథ అని కొట్టిపారేయకండి. 2005లో అమెరికా పరిశోధకులు 93 అధ్యయనాలను కలిపి చూస్తే, ఆట చికిత్స అందిన పిల్లలు అందనివాళ్ల కంటే స్పష్టంగా మెరుగయ్యారని తేలింది. తల్లిదండ్రులకే నేర్పించి వాళ్ల చేత చేయించినప్పుడు ఫలితం ఇంకా ఎక్కువ. అందుకే సెలవులయ్యాక అమ్మమ్మకు పని అప్పగించారు. వారానికి ఒక అరగంట, కొన్ని బొమ్మలు, ఫోను పక్కన పెట్టేయడం, వాడు ఎలా ఆడమంటే అలా ఆడడం, మధ్యలో సుద్దులు చెప్పకపోవడం. సుద్దులు చెప్పకుండా ఉండడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది!

బొమ్మలు కొనిచ్చినంత మాత్రాన చికిత్స కాదు. కడుపునొప్పి అంటే ముందు పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. బోర్డు పెట్టిన ప్రతివాళ్ల దగ్గరికీ పోకుండా, క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. దారి తెలియనివాళ్లు మానసిక ఆరోగ్య సలహాల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడొచ్చు. అది ఉచితం. కానీ ఏడేళ్ల పిల్లాడు ఫోనులో ఏం చెప్తాడు? వాడికి ఇసుక, బొమ్మలు, తన మాట తెలిసిన మనిషి కావాలి.

మా తీరం 2013లో ఫైలిన్‌ను చూసింది, 2018లో తిత్లీని చూసింది. తుపాను పోయాక బియ్యం వచ్చాయి, టార్పాలిన్లు వచ్చాయి. గాలి చప్పుడైతే మంచం కిందికి దూరే పిల్లల కోసం ఎవరూ రాలేదు. బడి పిల్లల ఆరోగ్య పరీక్షలకు వచ్చే బృందాలు కళ్లు, పళ్లు, బరువు చూసి వెళ్తాయి. కడుపునొప్పి వెనక దిగులుందేమో అడిగే తీరిక వాళ్లకు లేదు. ఒడిశా ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఆట చికిత్సలో శిక్షణ పొంది, తెలుగు వచ్చిన ఒక్క మనిషిని గంజాంకు ఇవ్వాలి. అలాంటివాళ్లు గజపతి, రాయగడ, కోరాపుట్ తెలుగు పిల్లలకూ కావాలి. అంతవరకు మా ఇళ్లలోవాళ్లు కూలి పోగొట్టుకుని రైలెక్కి విశాఖ వెళ్లాలంటే ఎందరికి సాధ్యం?

విశాఖ, శ్రీకాకుళంలో ఈ పని తెలిసినవాళ్లు నెలకు ఒక్క రోజు వచ్చినా మేలే. మా బడిలో ఒక గది ఖాళీగా ఉంది. వడ్రంగి చేత ఇసుక ట్రే చేయించాను, పిల్లల తల్లులు పాత బట్టలతో బొమ్మలు కుట్టారు. రాను పోను రైలు ఖర్చు, భోజనం వాడవాళ్లు పెట్టుకుంటామన్నారు. రాగలిగినవాళ్లు మీ పత్రికకు రాస్తే దయచేసి ఆ ఉత్తరాలు నాకు పంపించండి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
గంజాం జిల్లా, ఒడిశా.