స్టేడియం అంటే పైకప్పు ఒక్కటే కాదురా

ఒరేయ్ మూర్తీ,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మాయి ఆర్కిటెక్చర్‌లో చేరతానంటోందనీ, చేరి స్టేడియంలే కడతానని పట్టుబట్టిందనీ చదివి ముందు సంతోషం వేసింది, ఆ వెంటనే కాస్త టెన్షన్ పట్టుకుంది. బీజింగ్ ఒలింపిక్స్ స్టేడియం ఉందే, పక్షి గూడులా ఉండే బర్డ్స్ నెస్ట్, దాని ఫోటో గోడకి అంటించుకుందని రాశావే, అందుకు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళలో చాలామంది అలాంటి ఫోటో చూసే వస్తారు. ఆ ఉక్కు గూడు లాంటిది గీసే అవకాశం ఆఫీసు మొత్తంలో ఒకరిద్దరికే దక్కుతుందని వచ్చాక తెలుస్తుంది. మిగతావాళ్ళం మెట్లు, గేట్లు, బాత్‌రూములు గీస్తాం. అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, పొడుగైందని తిట్టుకోకు.

ఏళ్ళ తరబడి చదువు, ఆ తర్వాత లైసెన్సు వచ్చేదాకా ఒకరి కింద పని, ఇవి ఏ ఆర్కిటెక్ట్‌కైనా తప్పవు. వాటి గురించి చెప్పడానికేం లేదు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. స్టేడియంల మీదే బతికే ఆఫీసులు ప్రపంచమంతా వెతికినా కొద్దిగానే ఉంటాయి. 1983లో అమెరికాలోని కాన్సస్ సిటీలో మొదలై ఇప్పుడు పాపులస్ అనే పేరుతో నడుస్తున్న కంపెనీ వాటిలో బాగా పెద్దది. లక్షా 32 వేల మంది పట్టే అహ్మదాబాద్ స్టేడియం వాళ్ళ డిజైనే. పని ఎక్కడుంటే అక్కడికి పెట్టే సర్దుకోవాలి. పెద్ద టోర్నమెంటు దగ్గరపడితే రాత్రీ పగలూ ఉండదు, అది కాస్తా అయిపోతే చేతిలో పనే ఉండదు. ఒక్కో స్టేడియానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది కనక జన్మంతా చేసినా నావి అని చెప్పుకునేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కొత్తగా చేరినవాళ్ళకి ముందు అప్పజెప్పేది కుర్చీల వరసలు. వినడానికి చప్పగా ఉంటుంది గానీ, నన్నడిగితే ఈ వృత్తికి ప్రాణం అక్కడే ఉంది. వెనక కూర్చున్నవాడి చూపు ముందువాడి తల మీదుగా వెళ్ళి మైదానం గీతని తాకాలి కదా. ఆ చూపు ముందువాడి కంటికి ఎంత పైనుంచి పోతుందో ఆ కొలతని సీ-వాల్యూ అంటాం. 120 మిల్లీమీటర్లుంటే బ్రహ్మాండం. 90 ఉంటే ఫర్వాలేదు. 60 అంటే మెడ సాచి, తలల మధ్య సందుల్లోంచి చూసుకోవాల్సిందే.

ముందు వరసవాడి కళ్ళు గీతకి 20 మీటర్ల దూరంలో, 8 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకో. వరస వెడల్పు 80 సెంటీమీటర్లు, మెట్టు ఎత్తు 40. లెక్క కడితే సీ-వాల్యూ 77 మిల్లీమీటర్లు వస్తుంది. అదే మెట్టుని 45కి పెంచు, 125 అయిపోతుంది! ఐదు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. నలభై వరసల్లో తలా ఐదు కలిపితే స్టాండు 2 మీటర్లు లేస్తుంది. దాంతో పైకప్పు లేస్తుంది, ఉక్కు పెరుగుతుంది, క్లయింటు గొంతూ లేస్తుంది. పైగా అన్ని మెట్లూ ఒకే ఎత్తులో పెడితే వెనక్కి పోయేకొద్దీ ఆ కొలత తగ్గిపోతుంది. పెద్ద స్టాండుని పక్కనుంచి చూస్తే పైకి పోయేకొద్దీ నిటారుగా కనిపించేది అందుకే.

ఇదంతా జనం బుద్ధిగా కూర్చున్నప్పటి మాట. గోల్ పడగానే ముందువాళ్ళంతా లేచి నిలబడతారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి లేవలేడు. అందుకని ఆ వరసని మామూలు కంటే బాగా ఎత్తులో పెట్టాలి. ఖర్చు తగ్గించమన్నప్పుడు కత్తి పడేది ముందు దాని మీదే. మేం చేసిన ఒక ఇండోర్ అరీనాలో క్లయింటు ఆ ఎత్తు అక్కర్లేదన్నాడు. మా టీమ్ లీడర్ ఆవిడ ఏమీ వాదించలేదు. ఒక చక్రాల కుర్చీ తెప్పించి, అందులో ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా మా నలుగురినీ నిలబెట్టింది. ఆ తర్వాత ఆ వరస జోలికి ఎవరూ రాలేదు.

ఇక జనం బయటపడే దారి. మీ అమ్మాయికి ఆర్చిబాల్డ్ లీచ్ కథ చెప్పు. ఆయన ఫ్యాక్టరీలు కట్టుకునే స్కాట్లండ్ మనిషి. గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో ఆయన కట్టించిన చెక్క గ్యాలరీ 1902లో స్కాట్లండ్, ఇంగ్లండ్ మ్యాచ్ జరుగుతుండగా విరిగి 25 మంది పోయారు. ఇంకొకడైతే ఆ వైపు తలెత్తి చూసేవాడు కాదు. ఆయన మాత్రం చెక్కని వదిలేసి మట్టి గట్ల మీద, కాంక్రీటుతో, జనం ఒకరి మీద ఒకరు పడకుండా ఇనప కమ్మీలు అడ్డంపెట్టి కట్టడం మొదలుపెట్టాడు. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫోర్డ్‌తో సహా బ్రిటన్‌లో ఇరవైకి పైగా మైదానాల్లో ఆయన చెయ్యి ఉంది. మళ్ళీ అదే ఐబ్రాక్స్‌లో, 1971లో, మ్యాచ్ అయ్యాక ఒక మెట్ల దారిలో తొక్కిసలాట జరిగి 66 మంది చనిపోయారు. ఆ తర్వాతే 1973లో గ్రీన్ గైడ్ అనే భద్రతా పుస్తకం వచ్చింది.

మా టేబుళ్ళ మీద ఆ పుస్తకం నలిగిపోయి ఉంటుంది. దాని లెక్కలో మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 66 మంది దిగగలరు, అందరూ 8 నిమిషాల్లో బయటపడాలి. అంటే 1.2 మీటర్ల మెట్ల దారి ఇంచుమించు 630 మందికే సరిపోతుంది. 50 వేల మందికి అలాంటివి దాదాపు ఎనభై కావాలి. క్రీ.శ. 80లో తెరిచిన రోమ్ కలోసియంకి కూడా కింద ఎనభై కమానులే ఉన్నాయి! వెడల్పులు వేరులే, కాకతాళీయమే అనుకో. కానీ వాటి మీద చెక్కిన అంకెలు కొన్ని ఇప్పటికీ కనిపిస్తాయి. గేటు నంబర్ల గొడవ మనతో మొదలవలేదన్నమాట.

ఎండ సంగతి నీకు క్రికెట్ పిచ్చి కాబట్టి చెప్తాను. 2019లో నేపియర్‌లో న్యూజిలాండ్‌తో మన మ్యాచ్ కాసేపు ఆగింది గుర్తుందా? సాయంత్రం ఎండ సూటిగా బ్యాట్స్‌మన్ కళ్ళలో పడింది. పిచ్‌లు సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, అక్కడ తూర్పు పడమరలుగా ఉంది. ఇంత పెద్ద కట్టడంలో మొదట గీసే గీత అదే, ఏ దిక్కుకి తిప్పాలన్నది. అది తప్పితే ఆ తర్వాత దిద్దుకోవడం ఎవరి తరమూ కాదు.

మనసు విరిగే రోజులూ ఉంటాయని ముందే చెప్పు. జహా హదీద్ అంతటి పేరున్న ఆర్కిటెక్ట్ టోక్యో ఒలింపిక్ స్టేడియం పోటీ గెలిస్తే, ఖర్చు ఎక్కువైందని 2015లో ఆ డిజైన్‌నే రద్దు చేశారు. చివరికి జపాన్ ఆర్కిటెక్ట్ కెంగో కుమా డిజైన్‌తో కట్టారు. ఆవిడకే దిక్కు లేకపోతే మనమెంత? ఒకవేళ కట్టినా, ఆటలయ్యాక అది ఏమవుతుందో ఎవరికీ పట్టదు. మాంట్రియల్‌లో 1976 ఒలింపిక్స్ స్టేడియం అప్పు తీరేసరికి 2006 వచ్చింది. అందుకే పదిహేను రోజుల పండగ కోసం అంత కాంక్రీటు పోయడం నాకెప్పుడూ మింగుడు పడదు. దోహాలో 2022 ప్రపంచ కప్పుకి షిప్పింగ్ కంటైనర్లతో, విప్పదీసే వీలుండేలా ఒకటి కట్టారు చూడు, అలాంటి పని చేసే ఆఫీసులో ఈ పిల్ల చేరితే నాకు ఆనందం.

ఆ ఫోటో గోడ మీంచి తీసెయ్యమని మాత్రం అనకు. అలాంటి పిచ్చి లేకపోతే మెట్ల డ్రాయింగుల దగ్గర అన్నేళ్ళు కూర్చోవడం ఎవరివల్లా కాదు. తను గీసినవేమైనా ఉంటే పంపించమను, తీరిగ్గా చూసి రాస్తాను. పైకప్పులు తర్వాత, ముందు మెట్లున్నవి పంపమను.

ఉంటాను మరి,
నీ శీను