సరుకుల బండిలో మనుషుల లెక్క

సంపాదకులకు నమస్కారం.

మా వీధి కుర్రాడొకడు వ్యాను కొనుక్కోవాలనుకున్నాడు. హైస్కూల్లో నా దగ్గర లెక్కలు చదివినవాడు. వాయిదాల లెక్క సరిచూసి పెట్టమని నన్నూ షోరూముకు వెంటబెట్టుకు వెళ్లాడు. తీరా వెళ్లాక వాయిదాల కంటే పెద్ద లెక్కే ఒకటి బయటపడింది. పల్నాడులో మిరప వేసే రైతులూ, రవాణా శాఖ వారూ ఒకసారి చూస్తారని మీకు రాస్తున్నాను.

కుర్రాడి ఆలోచన ఇదీ. కోతల కాలంలో తెల్లవారకముందే కూలీలను చేలకు చేర్చాలి, పొద్దుగూకాక ఇళ్ల దగ్గర దింపాలి. మధ్యలో టిక్కీలు, అంటే ఎండుమిరప మూటలు, గుంటూరు మిర్చి యార్డుకు తోలాలి. ముహూర్తాలున్న రోజుల్లో షామియానాలు, వంటపాత్రలు. అన్నిటికీ ఒకటే బండి. అలాంటి ఆలోచనకు మన పల్లెల్లో జవాబు కూడా ఒకటే. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచీ చిన్న ట్రాలీ బండి లేని ఊరు లేదు. అంతకుముందు మెటాడోర్ వ్యాన్లు ఉండేవి. పెళ్లివారూ అందులోనే, పెళ్లి సామానూ అందులోనే. వాటికి కనీసం పైకప్పు ఉండేది.

షోరూములో నిలబెట్టిన ట్రాలీ తొట్టిని నేను టేపు పెట్టి కొలిచాను. సేల్స్ కుర్రాడు నవ్వుకున్నాడు గానీ టేపు రెండో కొస పట్టుకున్నాడు. పొడవు ఏడడుగుల పైచిలుకు, వెడల్పు అయిదడుగులకు కాస్త తక్కువ, పక్క రేకు ఎత్తు ఒక్క అడుగు. మోయగలిగిన బరువు 750 కిలోలు. "మనిషికి యాభై కిలోలు వేసుకున్నా పదిహేను మంది లెక్కకు సరిపోతారు కదా మాస్టారూ" అన్నాడు మావాడు. భాగహారం తప్పులేకుండానే చేశాడు. నేను నేర్పిందే.

కానీ బరువు ఎంత అన్నది లెక్కలో సగమే, ఆ బరువు ఎంత ఎత్తున ఉందన్నది మిగతా సగం. నలభై, నలభై అయిదు కిలోల టిక్కీని తొట్టిలో పడుకోబెడితే దాని బరువంతా అడుగు ఎత్తు లోపే ఉంటుంది. బ్రేకు వేస్తే టిక్కీ పక్క టిక్కీని ఒరుసుకుని ఆగుతుంది. అంతే బరువున్న మనిషి నిలబడితే ఆ బరువు నడుము దగ్గర, తొట్టి అడుగుకు మూడడుగుల పైన ఉంటుంది. అంచు మీద కూర్చుంటే సగం రేకుకు అవతలే. మలుపులో మనుషులు ఒక పక్కకు ఒరిగితే బండి కూడా వాళ్లతోపాటు ఒరుగుతుంది. ఇంత ఇరుకు చక్రాల బండిని బోల్తా కొట్టించడానికి పెద్ద వేగం అక్కర్లేదు, పంట కాలువ పక్కన గుంట ఒకటి చాలు.

పోయిన కోతల్లో ఒక రోజు తెల్లవారుజామున అయిదింటికి మా సెంటరులో టీ కొట్టు దగ్గర నిలబడి అలాంటి బండిలో తలలు లెక్కపెట్టాను. తొట్టిలోనే ఇరవై ఒకరు, అందరూ ఆడవాళ్లే. ఇరవై ఒకరికి పంచితే మనిషికి దక్కే చోటు మీ పత్రికలో ఒక పేజీ పరిస్తే పట్టేంత కూడా లేదు. టైరు మీద కాలు పెట్టి, ముందే ఎక్కినామె చెయ్యి పట్టుకుని ఎక్కుతున్నారు. చివరగా ఎక్కినామె వెనక డోరు గొలుసును ముంజేతికి ఒక చుట్టు చుట్టుకుని, క్యారేజీ పడిపోకుండా మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. అంటే ఆ బండిలో ఒక మనిషిని ఆపి ఉంచింది డోరు గొలుసు. ఆమెకు నా తల్లి వయసుండదు గానీ నా చెల్లెలి వయసు తప్పక ఉంటుంది.

ఇక కాగితాల సంగతి. సరుకుల బండిలో ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీది కాదని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది. తన సరుకుతో పాటు ప్రయాణించే యజమానికి మాత్రం చట్టం రక్షణ ఇచ్చింది. టిక్కీలతో యార్డుకు వెళ్లే రైతుకు బీమా ఉంటుంది, ఆ కాయ కోయడానికి వెళ్లే ఆమెకు ఉండదు. ప్రమాదం జరిగితే ఆ భారం బండి యజమాని మీద పడుతుంది. ఆ యజమాని మావాడిలాగా వాయిదాల మీద బండి కొన్నవాడైతే ఎవరి దగ్గర ఏం వసూలవుతుంది?

అయితే మరి మనుషుల బండే కొనరాదా అని అడుగుతారు. అదే షోరూములో కాకపోయినా పక్క ఊళ్లో ట్రావెలర్ అనే సీట్ల వ్యాను కూడా చూసివచ్చాం. జనం ఇప్పటికీ టెంపో ట్రావెలర్ అనే అంటారు. ఇక్కడ ఒక చిన్న సంగతి, కొనేవాళ్లకు పనికొస్తుంది. ట్రావెలర్ పేరు పక్కన ఉండే 3350, 4020 లాంటి అంకెలు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. అంకె పెరిగితే సీట్లు పెరుగుతాయి, మన ఊరి సందుల్లో మలుపు తిప్పుకోవడం కష్టమవుతుంది. డ్రైవరు కాక పన్నెండు మంది వరకూ అయితే చట్టం దాన్ని మాక్సీ క్యాబ్ అంటుంది. మా అవసరానికి అదే సరి అనిపించింది. సీట్లన్నీ ముందుకు చూస్తున్నాయి, చాసిస్‌కు బిగించి ఉన్నాయి, ఎక్కడానికి మెట్టు ఉంది. వెనక వరస సీట్ల కింద ఇరవై క్యారేజీలు పట్టే చోటుంది.

అంతమాత్రాన నిండా ఎక్కించి, పైన సామాను కట్టేసి తోలవచ్చని కాదు. అమెరికాలో పదిహేను సీట్ల వ్యాన్ల మీద అక్కడి రహదారి భద్రతా సంస్థ 2001లోనే హెచ్చరిక ఇచ్చింది. పది మందీ అంతకు పైనా ఎక్కితే, తక్కువ మందితో పోయేటప్పటి కంటే బోల్తా పడే అవకాశం దాదాపు మూడు రెట్లని. నేను మావాడికి చెప్పిన మాట: పైన క్యారియరు బిగించకు, బరువైనదేదైనా రెండు ఇరుసుల మధ్యనే పెట్టు.

డెలివరీ వ్యాను చవగ్గా కొని వెల్డింగు షాపులో బల్లలు బిగించుకుంటే పోతుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. రిజిస్ట్రేషనులో ఉన్న రూపాన్ని అలా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, రెండు బోల్టులతో నిలబెట్టిన బల్ల గుద్దుకున్నప్పుడు మనిషి కంటే ముందు ఎగిరొస్తుంది.

మావాడు ట్రావెలర్ సీట్లో కూర్చుని చాలా సేపు లేవలేదు. తరువాత ధర అడిగాడు. అది ట్రాలీ ధరకు రెండింతలు దాటింది. దాని పైన సీట్ల లెక్కన పన్ను, పర్మిట్. అసలు మెలిక పర్మిట్ దగ్గరే ఉంది. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకుల బండికి పర్మిటే అక్కర్లేదు. మనుషులను కిరాయికి తీసుకెళ్లే బండికి మాత్రం కావాలి. లైసెన్సు దగ్గర తేడా లేదు. కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది. అంటే టిక్కీలు మోయడం సులువు, మనుషులను భద్రంగా మోయడం కష్టం, మనుషులను టిక్కీల్లా మోయడం అన్నిటికంటే సులువు. అనుమతికి మించి ఎక్కించిన ప్రతి మనిషికీ 200 రూపాయల జరిమానా అని 2019 సవరణలో రాశారు. అది కూడా తెల్లవారుజామున అయిదింటికి రోడ్డు మీద ఎవరైనా నిలబడి పట్టుకుంటేనే కదా.

ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు నుంచి ఉచితమే, మంచి పనే. కానీ ఆ బస్సు డొంక దారిలో మూడు మైళ్లు పోయి చేను గట్టు మీద ఆగదు.

నేను చేతులు కడుక్కుని రాస్తున్న ఉత్తరం కాదిది. నాకూ రెండెకరాల మిరప ఉంది. నా చేలోకి కూలీలు వచ్చిందీ ట్రాలీలోనే. ముఠా మేస్త్రీతో కూలి మాట్లాడాను, కిరాయి మాట్లాడాను, ఏ బండిలో తెస్తావని ఒక్క ఏడూ అడగలేదు. ఎకరానికి మందులకు పెట్టే ఖర్చు పక్కన పెట్టుకుని చూస్తే సీటున్న బండికి అదనంగా అయ్యే కిరాయి రైతుకు భరించలేనిదేమీ కాదు. నలుగురు రైతులు కలిసి ఒకే బండి మాట్లాడుకుంటే ఇంకా తగ్గుతుంది.

ప్రభుత్వాన్ని అడిగేది రెండు. కూలీలను తరలించే మాక్సీ క్యాబులకు కోతల కాలానికి సరిపడా పర్మిట్ మండల కేంద్రంలోనే ఇచ్చి, ఆ నెలల సీటు పన్ను తగ్గించాలి. పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించేటప్పుడు సరుకుల బండికి ఎంత తేలిగ్గా వస్తుందో మనుషుల బండికీ అంతే తేలిగ్గా వచ్చేలా చూడాలి. బండి ఆ సంఘాల పేరునే ఉంటే దానిలో ఎక్కేవాళ్లే దానికి యజమానులవుతారు. అప్పుడు ఎంతమందిని ఎక్కించాలో తేల్చేదీ వాళ్లే.

కుర్రాడు ఇంకా అడ్వాన్సు కట్టలేదు. ట్రాలీ షోరూము వాళ్లు రోజూ ఫోను చేస్తున్నారు. పర్మిట్‌కు ఏమేం కాగితాలు కావాలో, ఎన్నాళ్లు పడుతుందో కనుక్కుందామని సోమవారం ఇద్దరం రవాణా కార్యాలయానికి వెళ్తున్నాం. సంక్రాంతి వెళ్లగానే కోతలకు బండి పెడతానని మేస్త్రీకి అప్పుడే మాట ఇచ్చేశాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
పల్నాడు జిల్లా