పాత కారు, ఎర్రమట్టి బాట: బంగారం వెతకబోయే మన పిల్లలకు

సంపాదకులకు నమస్కారం.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఎండ తగ్గి, ఎడారి అంచుల్లో తిరగడానికి వీలవుతుంది. పెర్త్‌లో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగు పిల్లలు కొందరు ఆ నెలల్లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని కాల్గూర్లీ, మెంజీస్, లియొనోరా, లావర్టన్ వైపు బంగారం ముక్కలు వెతకడానికి బయల్దేరుతున్నారు. అద్దె కార్ల వాళ్లు తారు లేని రోడ్డెక్కొద్దని ఒప్పందంలోనే రాసుకుంటారు. ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందే మంచి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే అయిదు వేల డాలర్ల లోపు ఏదో ఒక పాత కారు కొని దాంట్లోనే పోతారు. మీ పత్రికను ఇక్కడి పిల్లలూ చదువుతారు, ఊళ్లో వాళ్ల అమ్మానాన్నలూ చదువుతారు. కనుక ఈ ఉత్తరం ప్రచురించమని కోరుతున్నాం.

పాత కారులో పోవడం తప్పు కాదు. చేతిలో ఉన్న డబ్బంతా బండి కొనడానికే పోసి, దాన్ని ఆ బాటకు తయారు చేయడానికి ఏమీ మిగుల్చుకోకపోవడమే తప్పు. నాలుగు వేలుంటే రెండున్నర వేల బండి చాలు. మిగిలిన పదిహేను వందలూ రేడియేటర్, టైర్లు, బండి అడుగు భాగం మీద పెట్టాలి. అక్కడ ఆగిపోయే కార్లలో ఎక్కువ భాగం ఫోర్ వీల్ డ్రైవ్ లేక ఆగినవి కావు. ఇంజిన్ వేడెక్కో, టైరు చీలో ఆగినవి.

ఏ బండి అని అడిగితే మేము ముందు చెప్పేది ఫోర్డ్ ఫాల్కన్ వ్యాగన్. 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ మొండిది. సామాన్లు ఏ ఊరి తుక్కు యార్డులోనైనా దొరుకుతాయి. సెడాన్‌కు లేని సుగుణం వ్యాగన్‌కు ఒకటుంది: వెనక కమాను కట్టలు, గట్టి యాక్సిల్. బరువు వేసినా తట్టుకుంటుంది, వంగితే కొట్టి సరిచేయొచ్చు. వెనక సీటు మడిస్తే ఇద్దరు పడుకోవచ్చు. 2002 తర్వాత వచ్చిన బీఏ, బీఎఫ్ మోడళ్లలో ఆటోమేటిక్ గేరు ఉన్నవి కొంటే మాత్రం ఒక జాగ్రత్త తప్పదు. వాటిలో గేరు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది తుప్పు పట్టి చిల్లు పడితే కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) గేర్‌బాక్సులోకి పోతుంది. కూలెంటు సీసాలో ద్రవం గులాబీ రంగు పాలలా చిక్కగా కనిపిస్తే ఆ బండి ముట్టుకోవద్దు. బాగున్న బండి కొన్నా, రేడియేటర్ ముందు విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టించి, పాత దారి మూసేయించాలి.

చిన్న బండి చాలనుకుంటే పాత సుబారు బ్రంబీ దొరికితే అదృష్టమే. తేలిక బండి, కావాల్సినప్పుడు ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది, నెమ్మదిగా బలంగా లాగే లో గేరూ ఉంటుంది. అందులోని ఈఏ81 ఇంజిన్‌కు టైమింగ్ బెల్టే ఉండదు, గేర్లతో తిరుగుతుంది. దాని తర్వాతి ఈఏ82 ఇంజిన్‌కు రెండు బెల్టులు. ఎప్పుడు మార్చారో కాగితం చూపించలేకపోతే బయల్దేరే ముందే రెండూ మార్చాలి.

ఇక వేడి సంగతి. మెత్తటి ఇసుకలో రెండో గేరులో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఇంజిన్ కష్టపడుతుంది, ఎదురు గాలి తగలదు. పెర్త్ రోడ్ల మీద పదేళ్లు ఏ ఇబ్బందీ పెట్టని రేడియేటర్ అక్కడ బయటపడుతుంది. అందరూ రేడియేటర్‌నే చూస్తారు, దాని మూతను ఎవరూ పట్టించుకోరు. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూత బిగించి ఉంటే ఆ ఒత్తిడికి దాదాపు 120 దాకా మరగవు. మూత లోపలి రబ్బరు వాషరు గట్టిపడి, గోరుతో నొక్కితే దిగకుండా, అంచు మీద చిన్న చిన్న పగుళ్లు కనిపిస్తే ఆ మూత పని అయిపోయినట్టే. ఒత్తిడి నిలవదు, కూలెంటు ముందే మరిగి బయటికి తన్నేస్తుంది. ఆ మూత ఖరీదు ఇరవై డాలర్లు కూడా ఉండదు. దాని వల్ల ఇంజిన్ పై భాగమైన హెడ్డు కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోతే బండి ఖరీదంత ఖర్చు. మూతతో పాటు థర్మోస్టాట్, పైన కింద రెండు పెద్ద హోస్ పైపులు, వాటి క్లిప్పులు, ఫ్యాన్ బెల్టు కొత్తవి వేయించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పాత హోస్‌ను పిసికి చూడండి. కరకరమన్నా, మరీ మెత్తగా స్పాంజిలా ఉన్నా తీసేయాల్సిందే. తీసేసిన వాటిలో బాగున్నది ఒకటి స్పేరుగా పెట్టుకోవచ్చు.

డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లును పూర్తిగా నమ్మొద్దు. దాని సెన్సరు కూలెంటులో మునిగి ఉన్నంతసేపే సరిగ్గా చెబుతుంది. హోస్ పగిలి కూలెంటంతా కారిపోతే ముల్లు పైకి పోవాల్సింది పోయి కిందికి దిగుతుంది. అంతా బాగుందనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే హెడ్డు వంగిపోతుంది. ఇంజిన్ హెడ్డు బోల్టుకే బిగించే వేడి అలారం విడిగా దొరుకుతుంది, వందో నూట యాభయ్యో డాలర్లు పెట్టి తప్పకుండా వేయించండి. బండి వేడెక్కితే వెంటనే మూత తీయొద్దు. గాలికి ఎదురుగా నిలిపి, బానెట్ ఎత్తి, కనీసం 40 నిమిషాలు ఆగాలి. మరిగే కూలెంటు ముఖం మీద పడితే ఆసుపత్రికి మూడు నాలుగు గంటల దారి.

టైర్ల విషయంలో డబ్బు ఆదా చేయొద్దు. అక్కడ ముల్గా చెట్ల ఎండు మోడులు నేలలోంచి బల్లెం మొనల్లా పైకి లేచి ఉంటాయి. అవి టైరు అడుగును కాదు, పక్క భాగాన్ని పొడుస్తాయి. అడుగున పడిన చిల్లును ప్లగ్గుతో మూయొచ్చు. పక్క చీలితే ఆ టైరు పని అయిపోయినట్టే. అందుకే లైట్ ట్రక్ రకం టైర్లు వేయించి, పూర్తి సైజు స్టెప్నీలు రెండు పెట్టుకోవాలి. డిక్కీలో వచ్చే సన్న చక్రం లెక్కలోకి రాదు. తారు రోడ్డు మీద 36 పీఎస్ఐ ఉంటే, కంకర రోడ్డు మీద 26 నుంచి 28కి, మెత్తటి ఇసుకలో 16 నుంచి 18కి దించాలి. గాలి దించితే వేగమూ దించాలి. 18 పీఎస్ఐతో గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దు. దించింది సరిపోయిందో లేదో టైరే చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, గంట నడిపాక ఒకసారి గాలి కొలవండి. నాలుగు పీఎస్ఐకి మించి పెరిగితే టైరు మరీ వేడెక్కుతోందని అర్థం: కొంచెం గాలి ఎక్కించాలి, లేదా వేగం తగ్గించాలి. తిరిగి గాలి నింపడానికి బ్యాటరీకి నేరుగా తగిలించే కంప్రెసర్ కావాలి. సిగరెట్ లైటర్ సాకెట్టుకు తగిలించే చవక రకం రెండో టైరుకే ఫ్యూజు కాల్చేస్తుంది.

జాకీ కింద పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న 20 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చెక్క ఒకటి తీసుకెళ్లండి. లేకపోతే ఇసుకలో బండి లేవదు, జాకీ దిగుతుంది. ఇంటి దగ్గరే నాలుగు చక్రాలూ ఒకసారి విప్పి బిగించి చూడాలి. టైరు షాపులో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు చేతి పానాతో కదలవన్న సంగతి అడవి మధ్యలో తెలియకూడదు.

గ్రేడరు వేసిన మట్టి రోడ్ల మీద రేకు మడతల్లాంటి గతుకులు మైళ్ల కొద్దీ ఉంటాయి. పాత బండిని ముక్కలు చేసేవి అవే. ముందు పోయేవి షాక్ అబ్జార్బర్లు. లోపలి ఆయిల్ వేడెక్కి పలచబడితే పట్టు తప్పి, మలుపులో బండి పక్కకు జారుతుంది. అరగంటకోసారి ఆపి, చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. ముట్టుకోలేనంత వేడి ఉంటే పావుగంట ఆగండి. ఆ కుదుపుకే బ్యాటరీ పట్టీ, సైలెన్సర్ రబ్బరు హ్యాంగర్లు, పెట్రోలు ట్యాంకు పట్టీలు, రేడియేటర్ ఫ్యాను బోల్టులు వదులవుతాయి. బ్యాటరీ ఎగిరి ఫ్యానుకు తగిలి రేడియేటర్ చిల్లు పడ్డ బండ్లున్నాయి. సాయంత్రం పొయ్యి వెలిగించే ముందే పది నిమిషాలు బండి కిందికి దూరి పానా తిప్పితే ఇవన్నీ ఆపొచ్చు. పిండిలాంటి ఎర్రదుమ్ములో తిరిగిన రోజు ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి దులపాలి. స్పేరు ఫిల్టర్ ఒకటి పెట్టుకోవాలి.

చాలామందికి తెలియని ప్రమాదం గడ్డి. బాట మధ్యలో మోకాలెత్తున పెరిగే స్పినిఫెక్స్ గడ్డిలో జిగురు ఉంటుంది, నిప్పు తగిలితే నూనె పోసినట్టు మండుతుంది. దాని గింజలు, పుల్లలు రేడియేటర్ సందుల్లో నిండిపోయి గాలి ఆడనివ్వవు. కిందేమో సైలెన్సర్ గొట్టానికీ, పొగను శుద్ధి చేస్తూ ఎర్రగా కాలే క్యాటలిటిక్ కన్వర్టర్‌కూ పైనున్న రేకుకూ మధ్య మూటలా చేరి అంటుకుంటాయి. రేడియేటర్ ముందు దోమల జాలీ కట్టండి. గడ్డి ఎత్తుగా ఉన్న బాటలో పది పదిహేను కిలోమీటర్లకోసారి దిగి, వంగి, వంకర చేసిన ఇనుప తీగతో గడ్డి లాగేయండి. కాలిన వాసన వస్తే గడ్డి మీద బండి ఆపొద్దు, ఖాళీ నేల చూసి ఆపండి. అగ్నిమాపక సిలిండరు డ్రైవర్ సీటు పక్కనే ఉండాలి, సామాన్ల అడుగున కాదు.

ఇరుక్కున్నప్పుడు జరిగే ఘోరాలు ఇంకో రకం. కార్ల అడుగున ముందువైపు కనిపించే ఇనుప కొక్కేలు చాలావరకు ఓడలో ఎక్కించేటప్పుడు కట్టడానికి పెట్టినవి, లాగడానికి కాదు. ట్రెయిలర్ తగిలించే గుండు కూడా లాగడానికి కాదు. సాగే పట్టీ కట్టి బలంగా గుంజితే ఆ గుండు విరిగి ఫిరంగి గుండులా వస్తుంది. ఆస్ట్రేలియాలో దానివల్ల ప్రాణాలే పోయాయి. ఒంటరి పాత కారుకు మేలైన దారి ఇది: చక్రాలు తిప్పుతూ ఉండకుండా మొదట్లోనే ఆగిపోవడం, టైర్ల గాలి 15కు దించడం, పారతో చక్రాల ముందూ అడుగు భాగం కిందా ఇసుక తీయడం, ఇసుకలో చక్రానికి పట్టునిచ్చే ప్లాస్టిక్ పలకలు (రికవరీ బోర్డులు) రెండు చక్రాలకు ఆనించి నెమ్మదిగా బయటికి రావడం. వీలైతే వచ్చిన దారినే వెనక్కి రావాలి, ఆ ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది.

మన కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం దిగుతారు. వాన మట్టిని కడిగి రాయిని బయటపెడుతుందన్నది అక్కడి నమ్మకం, అందులో నిజం ఉంది. ఆ అలవాటుతో ఇక్కడ వాన పడిన మర్నాడే బండి తీయొద్దు. ఈ బంగారు ప్రాంతపు (గోల్డ్‌ఫీల్డ్స్) ఎర్రమట్టి పైకి ఆరినట్టు కనిపిస్తూనే లోపల జిగటగా ఉంటుంది. మట్టి చక్రాలకు చుట్టుకుని మడ్‌గార్డు నిండి చక్రమే తిరగదు. అంతకంటే ముందు, వానకు షైర్లు, అంటే స్థానిక పాలక సంస్థలు, మట్టి రోడ్లు మూసేస్తాయి. మూసిన రోడ్డెక్కితే జరిమానా వేస్తారు. బయల్దేరే రోజు ఉదయం షైరు ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి.

పెట్రోలు లెక్క సులువు. ఫాల్కన్ వ్యాగన్ ట్యాంకు దాదాపు 68 లీటర్లు. బాట మీద నూరు కిలోమీటర్లకు 15 లీటర్లు తాగుతుందనుకుంటే మొత్తం 450 కిలోమీటర్లు. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. అంటే పంపు నుంచి 150 కిలోమీటర్లకు మించి దూరం పోవద్దు. కాల్గూర్లీ నుంచి మెంజీస్ 132 కిలోమీటర్లు, లియొనోరా 237, అక్కడి నుంచి లావర్టన్ 124. ప్రతి ఊళ్లోనూ ట్యాంకు నిండుగా కొట్టించండి. వ్యాగన్‌లో మనుషులుండే చోటే సామానూ ఉంటుంది కాబట్టి పెట్రోలు డబ్బా లోపల పెట్టొద్దు, ఆవిరికి ఊపిరాడదు, నిప్పుకు దారి అవుతుంది. నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్ల చొప్పున, ఒకే పెద్ద డబ్బాలో కాకుండా రెండు మూడింటిలో.

కాగితాలూ ఉండాలి. రాష్ట్ర గనుల శాఖ ఇచ్చే మైనర్స్ రైట్ (ఖనిజాలు వెతికేందుకు అనుమతి పత్రం) లేకుండా డిటెక్టర్ తిప్పకూడదు. కంపెనీల అన్వేషణ లైసెన్సు ఉన్న నేలలో వెతకాలంటే 20ఏ పర్మిట్ అదనంగా కావాలి. పశువుల స్టేషన్ (పశువులు మేపే పెద్ద భూమి) అయితే యజమానికి ముందే చెప్పాలి, వాళ్ల బోరు బావుల దగ్గర మకాం వేయకూడదు. లావర్టన్ దాటి తూర్పున ఆదివాసుల భూముల మీదుగా పోవడానికి వేరే అనుమతి తీసుకోవాలి.

ఊళ్లు దాటితే మామూలు ఫోన్ పనిచేయదు. ఆపదలో ఉపగ్రహం ద్వారా సాయం కోరే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఒకటి కొని, ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ దగ్గర మీ పేరు, బండి వివరాలతో నమోదు చేయించండి. నమోదు ఉచితం. ఎక్కడికి పోతున్నారో, ఏ రోజు ఎన్ని గంటలకు తిరిగి ఫోన్ చేస్తారో పెర్త్‌లో ఒకరికి రాసిచ్చి, ఆ గంట దాటితే పోలీసులకు చెప్పమనండి. బండి ఆగిపోతే బండి దగ్గరే ఉండాలి. ముల్గా చెట్ల మధ్య నడిచే మనిషి విమానంలోంచి కనిపించడు. బానెట్ ఎత్తి పెట్టిన తెల్ల వ్యాగన్ కనిపిస్తుంది.

ఇట్లు,
పెర్త్‌లో పాత బండ్లు బాగుచేసే తెలుగువాళ్లం